కారులోంచి 'ఊఁ...' అని శబ్దం వస్తోందా? వీల్ బేరింగ్ పోయిందని ఎలా కనిపెట్టాలి, ఎలా మార్పించాలి

ఇయర్‌ఫోన్స్ దగ్గరుంటే ఒక్కసారి పెట్టుకోండి. ముందు ఒక శబ్దం వినిపిస్తా, తర్వాత మాట్లాడుకుందాం.

(కారు లోపల రికార్డ్ చేసిన శబ్దం, 12 సెకన్లు)

విన్నారా? ఎక్కడో దూరంగా పిండిమర ఆడుతున్నట్టు లేదూ? ఇది నా కారే. గంటకి 70 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తుంటే మా అక్క వెనక సీట్లో కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేసింది. ఈ శబ్దాన్ని నేను దాదాపు రెండు నెలలు విన్నా. విని ఏం చేశానో తెలుసా? పాటల వాల్యూమ్ పెంచా.

ఈ ఎపిసోడ్ ఆ రెండు నెలల బద్ధకం గురించి. ఇది చూశాక మీ బండిలో ఇలాంటి శబ్దం వస్తే అది టైరా, బేరింగా, ఇంకేదైనానా అని మీరే తేల్చుకోగలగాలి. మెకానిక్ పని చేస్తుంటే పక్కన నిలబడి ఎక్కడ చూడాలో, ఏం అడగాలో కూడా తెలియాలి. బైక్ ఉన్నవాళ్లు వెళ్లిపోకండి, చివర్లో మీకూ ఉంది.

అసలేం జరిగిందంటే

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. అప్పటికి 91,000 కిలోమీటర్లు తిరిగింది. శబ్దం మొదలైన కొత్తలో ఇంటి దగ్గర ఒక షాపుకి తీసుకెళ్లా. అక్కడాయన బండి నడిపి కూడా చూడలేదు. టైర్ల వైపు ఒక చూపు చూసి, "టైర్ సౌండ్ సార్, అరిగిపోయాయి, మార్చెయ్యండి" అన్నాడు. ముందు టైర్లు రెండూ మార్పించా. 9,200 రూపాయలు. శబ్దం కొంచెం తగ్గినట్టే అనిపించింది. డబ్బులు పెట్టాం కదా, తగ్గినట్టు అనిపించకపోతే మనసు ఊరుకోదు. వారం తిరిగేసరికి మళ్లీ అదే శబ్దం.

అలాగే నడుపుతున్నా. ఈలోపు మా అక్కకి ఏడో నెల వచ్చింది. హైదరాబాద్ నుంచి విజయవాడ పుట్టింటికి తీసుకెళ్లాలి. అమ్మానాన్న వచ్చారు. నలుగురం నా కారులో బయల్దేరాం. నాన్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్. ముప్పై ఏళ్లు బస్సు ఇంజన్ పక్కన కూర్చున్న మనిషి, ఒక చెవి సరిగ్గా వినపడదు. ముందు సీట్లో కూర్చున్నాడు. చిట్యాల దాటాక చెప్పులు విప్పి, అరికాళ్లు కింద ఫ్లోర్ మీద పెట్టాడు. కాసేపయ్యాక, "ఏరా, ఆ పాటలు ఆపు" అన్నాడు.

ఆపా.

"ఇదెన్నాళ్ల నుంచి?"

"టైర్ సౌండ్ నాన్నా. కొత్త టైర్లు కూడా వేయించా."

ఇంకేం అనలేదు. కొర్లపహాడ్ టోల్ గేటు దాటాక గరుకు రోడ్డు అయిపోయి నున్నటి తారు రోడ్డు మీదకి ఎక్కాం. అప్పుడన్నాడు: "రోడ్డు మారింది. శబ్దం మారిందా?"

మారలేదు.

"ఇప్పుడు పక్క లేన్‌లోకి మెల్లగా ఎడమకి రా... ఇప్పుడు కుడికి." ఎడమకి వస్తుంటే శబ్దం పెరిగింది. కుడికి వెళ్తుంటే దాదాపు ఆగిపోయింది. "కుడి చక్రం. బేరింగ్. సూర్యాపేటలో ఆపు" అన్నాడు.

ఫ్రెండ్స్, నేను బీటెక్ మెకానికల్. మా బ్యాచ్‌లో చాలామందిలాగే మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాణ్ణే. అయినా బేరింగ్ లైఫ్ ఫార్ములా మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నా. నా కారులో అరుస్తున్న బేరింగ్‌ని మాత్రం గుర్తుపట్టలేకపోయా. ఆయన అరికాలితో పట్టేశాడు.

సూర్యాపేటలో దాబా దగ్గర ఆపాం. నాన్న నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి, హబ్ దగ్గర అరచేయి వెనక్కి తిప్పి పెట్టి చూశాడు, తగలకుండా. ముందు కుడి చక్రం దగ్గర మిగతా వాటికంటే స్పష్టంగా వేడి ఎక్కువ. జాకీ పెట్టి ఊపి చూశాం. ప్లే లేదు, కానీ చేత్తో తిప్పితే గరగరమంటోంది. అంటే బేరింగ్ పోవడం మొదలైంది, ఇంకా ఊడిపోయే దశకి రాలేదు.

నాన్న మా అక్క వైపు చూశాడు, తర్వాత నా వైపు. "పిల్లని ఈ బండిలో ఎక్కించను" అని చెప్పి, అమ్మనీ అక్కనీ తీసుకెళ్లి సూపర్ లగ్జరీ బస్సు ఎక్కించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలలు నేను వాల్యూమ్ పెంచుకున్నది ఈ శబ్దానికా అనిపించింది.

మిగిలిన 130 పైచిలుకు కిలోమీటర్లు నాన్నా నేనూ 50 స్పీడ్ దాటకుండా, మధ్యమధ్యలో ఆపి వేడి చూసుకుంటూ వెళ్లాం. మీరూ అలా చెయ్యండి అని చెప్పట్లేదు. ప్లే లేదు కాబట్టే కదిలాం. చక్రం ఊగుతూ ఉంటే మాత్రం ఒక్కటే దారి, టోయింగ్. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మాట్లాడుకుందాం.

వీల్ బేరింగ్ అంటే ఏంటి

ఎడ్లబండి చూసే ఉంటారు, కనీసం సినిమాల్లో అయినా. చక్రం మధ్యలోంచి ఇరుసు వెళ్తుంది. ఇరుసు తిరగదు, చక్రం తిరుగుతుంది. రెండూ రాసుకుంటాయి కాబట్టి కందెన వేసేవాళ్లు, ఆముదం లాంటిది. కందెన ఆరిపోతే కిర్రుమని ఊరంతా వినిపించేది.

కారు చక్రంలోనూ సమస్య అదే. చక్రం తిరగాలి, దాని మీద బండి బరువంతా నిలబడాలి, రాపిడి ఉండకూడదు. అందుకే రెండు ఉక్కు రింగుల మధ్య ఉక్కు గుళ్లు పెడతారు. బయటి రింగు అవుటర్ రేస్, లోపలిది ఇన్నర్ రేస్. గుళ్లు ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచేది కేజ్. లోపల గ్రీజు. రెండు పక్కలా రబ్బరు సీల్. ఆ సీల్ పనల్లా గ్రీజుని బయటికి పోనివ్వకపోవడం, నీళ్లనీ దుమ్మునీ లోపలికి రానివ్వకపోవడం.

ఇది ఎంత పని చేస్తుందో ఒక్క లెక్క చూద్దాం. 175/65 ఆర్14 టైర్ తీసుకోండి. దాని చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు. అంటే ఒక కిలోమీటరుకి చక్రం దాదాపు 546 సార్లు తిరుగుతుంది. నా కారు తిరిగిన 91,000 కిలోమీటర్లకి దాదాపు 5 కోట్ల సార్లు. గంటకి 80 స్పీడ్‌లో సెకనుకి 12 సార్లు. ఇన్ని కోట్ల సార్లు తిరుగుతూ, ప్రతి గుంతలో దెబ్బ తింటూ, చప్పుడు చెయ్యకుండా పని చేసే పార్ట్ ఇది. అది చప్పుడు చేస్తోందంటే ఏదో చెప్తోందని అర్థం.

నేను పరీక్షలో రాసిన ఫార్ములా కూడా చెప్పేస్తా. బేరింగ్ కెపాసిటీని దాని మీద పడే లోడ్‌తో భాగించి, వచ్చినదాన్ని క్యూబ్ చేస్తే, అన్ని మిలియన్ల తిరుగుళ్లు ఆయుష్షు. బాల్ బేరింగ్‌కి ఇది లెక్క. ఇందులో భయపెట్టేది ఆ క్యూబ్. లోడ్ రెండింతలైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. ఓవర్‌లోడ్ ఎందుకు వద్దంటారో ఇప్పుడు తెలిసింది కదా.

కానీ ఆ ఫార్ములా ఒక మాట అనుకుని మొదలవుతుంది: లోపల గ్రీజు శుభ్రంగా ఉంది, బేరింగ్‌ని సరిగ్గా బిగించారు అని. మన రోడ్ల మీద బేరింగ్‌లు ఎక్కువగా ఆయుష్షు తీరి పోవు. నీళ్లు చేరి పోతాయి, గుంతల్లో దెబ్బ తిని పోతాయి, తప్పుగా ఫిట్ చేస్తే పోతాయి. ముఖ్యంగా నీళ్లు. బాగా నడిచి వేడెక్కిన హబ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. సీల్ కాస్త అరిగి ఉన్నా నీళ్లని లోపలికి లాగేసుకుంటుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలు గుర్తున్నాయి కదా. చక్రం సగం మునిగేలా నీళ్లలో నిలబడిన బండి, నీళ్లలో నడిచిన బండి, ఏదైనా సరే, తర్వాత బేరింగ్‌లు ఒకసారి చూపించుకోవాలి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ఇది చెక్ చేయించుకోండి.

అనుమానితులు నలుగురు

శబ్దం వస్తోంది. దోషి ఎవరు? ఒక్కొక్కరిని పక్కన పెడుతూ పోదాం. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికినట్టే.

మొదటి అనుమానితుడు ఇంజన్, గేర్‌బాక్స్ వైపు. 60 స్పీడ్‌లో ఒకసారి నాలుగో గేర్‌లో, ఒకసారి ఐదో గేర్‌లో వెళ్లి చూడండి. ఇంజన్ ఆర్‌పీఎం మారుతుంది, చక్రం స్పీడ్ మారదు. శబ్దం మారకపోతే అది ఇంజన్ కాదు. శబ్దం స్పీడ్‌తో పెరుగుతూ, స్పీడ్‌తో తగ్గుతూ ఉంటే చక్రాల వైపు వెతకాలి.

రెండో అనుమానితుడు టైర్. నాకు 9,200 వదిలించింది ఈ అనుమానమే. టైర్ శబ్దం రోడ్డుతో మారుతుంది. సిమెంట్ రోడ్డు మీద ఒకలా, కొత్త తారు మీద ఒకలా వస్తుంది. బేరింగ్ శబ్దం రోడ్డు ఎలా ఉన్నా అదే పాట పాడుతుంది. ఇంకో చెక్: బండి ఆగాక టైర్ మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమిరి చూడండి. ఎగుడుదిగుడుగా, రంపం పళ్లలా తగిలితే అది టైర్ శబ్దం కావొచ్చు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తే శబ్దం కూడా చోటు మారితే దోషి టైరే. ఈ మార్పుకి పట్టే ఖర్చు కొత్త టైర్ల ముందు ఎంత చెప్పండి!

మూడోది డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే సీవీ జాయింట్. ఇది పోతే ఊఁ అనదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తుంటే "టక్ టక్ టక్" అంటుంది. ఖాళీ పార్కింగ్‌లో చెక్ చేసుకోవచ్చు.

నాలుగోది బ్రేక్. బ్రేక్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే శబ్దం మారినా, ఆగినా ముందు ప్యాడ్లూ డిస్కూ చూపించండి.

ఈ నలుగురూ కాకపోతే బేరింగ్. ఏ పక్క బేరింగ్? ఇక్కడే నాన్న టెక్నిక్. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీదకి ఒరుగుతుంది. కుడి బేరింగ్ పాడైతే శబ్దం పెరుగుతుంది. కుడికి తిరిగితే బరువు ఎడమ మీదకి వెళ్తుంది, కుడి బేరింగ్‌కి ఊపిరి ఆడుతుంది, శబ్దం తగ్గుతుంది. ఎడమ పాడైతే దీనికి రివర్స్. ఎక్కువసార్లు ఇది కరెక్ట్‌గా చెప్తుంది, అయినా జాకీ మీద చూసి నిర్ధారించుకోవాల్సిందే. ఎందుకంటే శబ్దం బాడీ అంతా పాకుతుంది. నాకు మొదటి నుంచీ అది ఎడమ వైపు నుంచి వస్తున్నట్టే వినిపించింది! చెవిని నమ్మి ఉంటే ఎడమది మార్పించేవాణ్ణి.

ఈ టెస్ట్ ఖాళీ రోడ్డు మీద, మామూలు లేన్ మార్పులా మెల్లగా చెయ్యండి. ట్రాఫిక్‌లో పాములా మెలికలు తిప్పొద్దు. రికార్డింగ్ పక్కన కూర్చున్నవాళ్లు చెయ్యాలి, నడిపేవాళ్లు కాదు. ఫోన్‌లో 40, 60, 80 స్పీడ్‌ల దగ్గర పది పది సెకన్లు రికార్డ్ చేసి ఉంచుకోండి. మెకానిక్‌కి "ఏదో సౌండ్ వస్తోందన్నా" అని చెప్పడం కంటే అది వినిపించడం వంద రెట్లు మేలు.

జాకీ మీద పరీక్ష

సమతలంగా ఉన్న చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీద ఉండే చక్రాలకి రాళ్లు గానీ చెక్కలు గానీ అడ్డం పెట్టండి. జాకీతో లేపాక కింద స్టాండ్ పెట్టండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి తల గానీ కాలు గానీ పెట్టొద్దు. ఇది మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు.

ఇప్పుడు టైర్‌ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్కుమని కదిలితే ప్లే ఉన్నట్టు. అది బేరింగ్‌దా, బాల్ జాయింట్‌దా? ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కినప్పుడు ప్లే పోతే బేరింగ్. ఇంకా ఊగుతుంటే బాల్ జాయింట్ లాంటివి చూడాలి. 3, 9 దగ్గర పట్టుకున్నప్పుడు మాత్రమే ఊగితే స్టీరింగ్ వైపు టై రాడ్ మీద అనుమానం.

తర్వాత గేర్ న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో చక్రం మెల్లగా తిప్పుతూ ఇంకో చేతి వేళ్లు సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఆనించండి. మంచి బేరింగ్ అయితే ఏమీ తెలియదు. పాడైందైతే స్ప్రింగ్‌లో సన్నటి గరగర తగులుతుంది. అవతలి చక్రం కూడా అలాగే తిప్పి పోల్చి చూడండి. ఇంజన్ స్టార్ట్ చేసి చక్రం తిప్పుతూ ఈ పరీక్ష చెయ్యొద్దు, చేత్తోనే తిప్పాలి.

ఒక్క మాట: ప్లే లేదు కాబట్టి బేరింగ్ బాగుంది అనుకోవద్దు. ఇప్పటి సీల్డ్ బేరింగ్‌లలో ముందు శబ్దం వస్తుంది, ప్లే ఆఖర్న వస్తుంది. నాదీ అంతే.

ఆటోనగర్‌లో ఆపరేషన్

మర్నాడు పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాం. లారీలూ లేత్‌లూ వెల్డింగ్ షాపులూ, బండికి సంబంధించి అక్కడ దొరకని పని లేదు. నాన్నకి పాత పరిచయం ఉన్న షెడ్. మెకానిక్ అన్న ఒక రౌండ్ నడిపి వచ్చి, "బాబాయ్, నువ్వు చెప్పిందే. కుడి ముందుది" అన్నాడు. నా మొహం చూసి నవ్వుతూ, "తమ్ముడూ, టైర్లు బాగున్నాయి, ఎప్పుడేయించావ్?" అని అడిగాడు. నేనేం మాట్లాడలేదు.

బేరింగ్‌లు ముఖ్యంగా రెండు రకాలుగా వస్తాయి. ఒకటి హబ్ యూనిట్. బేరింగూ హబ్బూ కలిపి ఒకే ముక్క, బోల్టులు విప్పి మార్చేయొచ్చు. రెండోది నకిల్ లోపలికి ప్రెస్ చేసి బిగించేది. నాది రెండోది. దీనికి హైడ్రాలిక్ ప్రెస్ కావాలి, ఇంట్లో సుత్తితో అయ్యే పని కాదు. ఎలా చేశారో వరసగా చెప్తా, మీరు పక్కన నిలబడినప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది.

బండి నేల మీద ఉండగానే మధ్యలో ఉండే హబ్ నట్ లూజ్ చేశారు. అది చాలా టైట్‌గా ఉంటుంది, బండి గాల్లో ఉంటే బలం పెట్టడం ప్రమాదం. తర్వాత బండి లేపి, స్టాండ్ మీద పెట్టి, చక్రం తీశారు. బ్రేక్ క్యాలిపర్ విప్పి తీగతో స్ప్రింగ్‌కి కట్టారు. దాన్ని బ్రేక్ గొట్టానికి వేలాడేస్తే గొట్టం దెబ్బతింటుంది. ఇది మొదట చూడాల్సిన విషయం. తర్వాత డిస్క్, ఏబీఎస్ సెన్సార్, టై రాడ్, కింద బాల్ జాయింట్, పైన స్ట్రట్ బోల్టులు. స్ట్రట్ బోల్టులు విప్పే ముందు అవి ఉన్న చోట గీత గీసుకున్నారు, మళ్లీ అదే చోట బిగించడానికి.

నకిల్‌ని ప్రెస్ మీద పెట్టి ముందు హబ్‌ని బయటికి నెట్టారు. ఇన్నర్ రేస్ సగం హబ్‌నే పట్టుకుని వచ్చేసింది. మామూలే. దాన్ని గ్రైండర్‌తో జాగ్రత్తగా కోసి, ఉలితో విడగొట్టారు. హబ్ మీద గాటు పడకూడదు, అదీ చూడండి. తర్వాత సర్‌క్లిప్ తీసి బేరింగ్‌ని బయటికి నెట్టారు.

పాత బేరింగ్ నా చేతికిచ్చాడు అన్న. లోపలివైపు సీల్ అంచు చిరిగిపోయి ఉంది. గ్రీజు తేనె రంగులో ఉండాల్సింది, డికాషన్ రంగులోకి వచ్చింది. అవుటర్ రేస్ తుడిచి చూస్తే, అద్దంలా ఉండాల్సిన ఉక్కు మీద ఒక పక్క అంతా మశూచి మచ్చల్లా చిన్న చిన్న గుంటలు. గుళ్లు ఆ గుంటల మీదుగా సెకనుకి ఎన్నో సార్లు దూకుతుంటే వచ్చిందే ఆ పిండిమర చప్పుడు. అంతకుముందు వానాకాలం ఒక అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి ఉంటే "ఏం కాదులే" అని దింపేశా. ఆ రోజు గుర్తొచ్చింది.

ఇప్పుడు కొత్త బేరింగ్. అన్నిటికంటే ముఖ్యమైన రూల్ ఇక్కడుంది. బేరింగ్‌ని నకిల్‌లోకి నెట్టేటప్పుడు బలం అవుటర్ రేస్ మీదే పడాలి. తర్వాత హబ్‌ని బేరింగ్‌లోకి నెట్టేటప్పుడు కింద ఇన్నర్ రేస్‌కి సపోర్ట్ ఉండాలి. ఇది తప్పితే టన్నుల బలం గుళ్ల మీదుగా వెళ్లి రేస్ మీద సొట్టలు పడతాయి. కొత్త బేరింగ్ ఆ రోజే చచ్చిపోతుంది. వేయించిన కొన్నాళ్లకే మళ్లీ శబ్దం వచ్చిందని కొందరు అంటారు కదా, అందులో చాలావాటికి కారణం ఇదే. మా అన్న పాత అవుటర్ రేస్‌ని కొంచెం గ్రైండ్ చేసి, దాన్నే కొత్తదాని మీద అడ్డం పెట్టి ప్రెస్ చేశాడు. సుత్తి ముట్టలేదు. మీ మెకానిక్ కొత్త బేరింగ్ మీద సుత్తి ఎత్తితే దండం పెట్టి ఆపండి.

ఏబీఎస్ ఉన్న చాలా బండ్లలో బేరింగ్‌కి ఒక పక్క సీల్‌లోనే అయస్కాంత రింగు ఉంటుంది. ఆ పక్క సెన్సార్ వైపుకే ఉండాలి. తిరగేసి పెడితే డ్యాష్‌బోర్డ్ మీద ఏబీఎస్ లైట్ వెలుగుతుంది, పనంతా మళ్లీ మొదటికి. దాన్ని వేరే అయస్కాంతాలకీ, ఇనప రజనుకీ దూరంగా ఉంచాలి.

చివర్లో హబ్ నట్. పాతది మళ్లీ వాడకూడదు, కొత్తదే. దాన్ని గన్‌తో గర్రుమని బిగించేసి వదిలెయ్యకూడదు. టార్క్ రెంచ్‌తో, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న లెక్కకి బిగించాలి. ఒక్కో బండికి ఒక్కో లెక్క, చాలా చిన్న కార్లలో 200 న్యూటన్ మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. పక్కబండి లెక్క మీ బండికి వాడొద్దు. ఆ నట్ బిగువే బేరింగ్ లోపలి సందుని నిర్ణయిస్తుంది. తక్కువైతే లూజ్, ఎక్కువైతే వేడి. కుర్రాడు గన్ అందుకోబోతే నాన్న ఏం అనలేదు, ఊరికే దగ్గాడు. అన్న లోపలికెళ్లి టార్క్ రెంచ్ తెచ్చాడు.

ఖర్చు ఇలా అయింది: బేరింగ్ 1,650, నట్టూ సర్‌క్లిప్పూ 180, ప్రెస్సింగ్‌తో కలిపి లేబర్ 1,200, వీల్ అలైన్‌మెంట్ 500. మొత్తం 3,530 రూపాయలు. స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి అలైన్‌మెంట్ తప్పనిసరి. మీ బండిని బట్టి, ఊరిని బట్టి ఈ లెక్క మారుతుంది. నేను అనవసరంగా పెట్టిన 9,200 పక్కన పెట్టి చూడండి, కడుపు మండుతుంది.

మీకు వచ్చే డౌట్లు

రెండు వైపులా మార్చాలా? అక్కర్లేదు. పాడైంది మార్చి, రెండోది చెక్ చేయించండి చాలు.

గ్రీజు పెడితే శబ్దం తగ్గుతుందా? సీల్డ్ బేరింగ్‌కి గ్రీజు పెట్టే పని లేదు. గుంటలు పడ్డ ఉక్కుని గ్రీజు బాగుచెయ్యదు. పాత బండ్లలో, లారీల్లో ఉండే టేపర్ రోలర్ బేరింగ్‌లకైతే విప్పి కడిగి గ్రీజు పెట్టి సర్దుతారు, అది వేరే కథ.

డూప్లికేట్‌ని ఎలా గుర్తుపట్టాలి? బేరింగ్‌లలో నకిలీలు ఎక్కువ. తెలిసిన డీలర్ దగ్గర, బిల్లుతో కొనండి. పెద్ద కంపెనీలు డబ్బా మీద స్కాన్ చేసి చూసుకునే కోడ్‌లు ఇస్తున్నాయి. ఎస్‌కేఎఫ్‌కి ఆథెంటికేట్ అని యాప్ కూడా ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది కదా, డబ్బులు ఇచ్చే ముందు స్కాన్ చెయ్యండి. అచ్చు మసకగా ఉన్నా, ధర మరీ తక్కువ చెప్పినా వద్దని లేచి వచ్చెయ్యండి.

శబ్దంతో ఇంకెంత దూరం నడపొచ్చు? ఈ ప్రశ్నకి కిలోమీటర్లలో జవాబు ఎవరూ చెప్పలేరు. శబ్దం ఒక్కటే ఉంటే మెల్లగా దగ్గర్లోని మెకానిక్ వరకే. చక్రం ఊగుతున్నా, స్టీరింగ్ వణుకుతున్నా, బ్రేక్ పెడల్ మామూలు కంటే లోతుకి వెళ్తున్నా, హబ్ దగ్గర మాడు వాసన వస్తున్నా పక్కకి ఆపెయ్యండి. ఆ స్థితిలో బేరింగ్ పట్టేయొచ్చు, చక్రం ఊడి కూడా పోవచ్చు.

బైక్ వాళ్లకి

మీ పని ఇంకా ఈజీ. సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని పక్కకి ఊపండి. టకటకమంటే బేరింగ్ చూడాలి. చక్రం విప్పించినప్పుడు ఇన్నర్ రేస్‌లో వేలు పెట్టి తిప్పండి. వెన్నలా తిరగాలి. ఎక్కడైనా పట్టినట్టున్నా, గరుకుగా ఉన్నా మార్చెయ్యండి.

బేరింగ్ మీద 6202, 6301 లాంటి నంబర్ ఉంటుంది. చివరి రెండంకెలు లోపలి రంధ్రం సైజు చెప్తాయి. 01 అంటే 12 మిల్లీమీటర్లు, 02 అంటే 15. 04 నుంచి అయితే ఐదుతో గుణించండి, 04 అంటే 20. వెనకాల 2ఆర్ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీల్ ఉన్నట్టు. మన వానలకి అదే తీసుకోండి.

చివరగా

పని అయ్యాక నాన్నే నడిపాడు. బెంజ్ సర్కిల్ వైపు నుంచి హైవే ఎక్కి ఒక రౌండ్ వేసుకొచ్చాం. పాటలు లేవు, మాటలు లేవు. 70 స్పీడ్‌లో చెప్పులు విప్పి కింద కాళ్లు పెట్టా. నాకేం తెలియలేదు. తెలియకపోవడమే కరెక్ట్ అట! "ఇప్పుడు పెట్టుకో నీ పాటలు" అన్నాడు.

మూడు నెలల తర్వాత అక్కని, మేనకోడల్ని అదే కారులో హైదరాబాద్ తీసుకొచ్చా. ఈసారి నాన్న బస్సు మాట ఎత్తలేదు. బయల్దేరే ముందు మాత్రం నాలుగు చక్రాలూ ఊపి చూశాడు.

మీకో చిన్న పని ఇస్తున్నా. ఈ వారంలో ఒక రోజు, ఖాళీ రోడ్డు మీద, పాటలు ఆపి, అద్దాలు ఎక్కించి ఐదు నిమిషాలు మీ బండి మాట వినండి. కొత్త శబ్దం ఏదైనా ఉంటే రికార్డ్ చేసి ఉంచుకోండి. ఇంట్లో పాత డ్రైవర్ ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, మనకి వినపడనివి వాళ్లకి తెలుస్తాయి.

వీడియో ఉపయోగపడింది అనిపిస్తే, వాల్యూమ్ పెంచుకుని తిరిగే మీ ఫ్రెండ్ ఒకడు ఉంటాడు కదా, వాడికి షేర్ చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి, ఉంటా మరి.